స్టిక్కర్ నడుస్తదా?

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ముందే ఒక మాట. నేను అబద్ధాలు చెబుతానని మా ఐటీ పార్కులో మీకెవరైనా చెబితే నమ్మండి. అది నిజం. నేను కాదనను, సిగ్గూ పడను. హైటెక్ సిటీలో అద్దాల టవర్ల మధ్య ఇన్నేళ్ళు లిఫ్టులూ ఏసీలూ ఫౌంటెన్లూ చూసుకుంటూ బతికినవాడు గోరంతను కొండంత చేసి చెప్పుకోకపోతే వాడికి పిచ్చెక్కుతుంది. కానీ ఇప్పుడు చెప్పబోయే కథలో ఒక్కచోట నేను నిజమే చెప్పాను. నా రాత ఏమిటంటే, సరిగ్గా ఆ ఒక్కచోటే నన్ను ఎవ్వరూ నమ్మలేదు.

నా ఉద్యోగం పేరు ఫెసిలిటీస్ ఆఫీసర్. లిఫ్టు ఆగితే నాకు ఫోను. ఏసీ నీళ్ళు కారితే నాకు ఫోను. ఆరో అంతస్తులో పావురం దూరితే నాకు ఫోను. నేను పుట్టింది గోపన్‌పల్లి. మా ఊరు అపార్టుమెంట్ల కింద పడ్డాక, ఆ అపార్టుమెంట్ల జనం పొద్దున్నే బయల్దేరి ఎక్కడికి పోతారో నేనూ అక్కడికే పోవడం మొదలుపెట్టాను. మా పార్కులో టవర్ల నడుమ పెద్ద ఖాళీ స్థలం, దాని మధ్యలో రంగురంగుల ఫౌంటెన్, చుట్టూ పట్టపగలును తలదన్నే లైట్లు. నాకు జీతం పెంచే అధికారం లేదు, ఎవరినీ పనిలోంచి తీసే అధికారం లేదు. కానీ ఆ లైట్ల స్విచ్చులు మాత్రం నా చేతిలో ఉండేవి.

ఒక సాయంత్రం రెండో టవర్ నుంచి ఒక మేడం నా గదికి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో టెస్టర్. శేరిలింగంపల్లి పిల్ల, మాట కత్తి.

"సార్, మీ లైట్లు జర ఆపుతరా?"

నా సర్వీసులో లైట్లు వెయ్యమని అడిగినవాళ్ళే గానీ ఆపమన్నవాళ్ళు లేరు. "ఎందుకమ్మా?"

"చుక్కలు కనబడ్తలేవు. మాదొక చిన్న క్లబ్బు. టెలిస్కోప్ తెచ్చి అందరికీ శనిని చూపిస్తం."

"నాకొద్దు తల్లీ. పైన ఆఫీసుల ఉన్నదే చాలు."

ఆమె నవ్వలేదు. "పైన ఆఫీసుల ఉన్నదానికి వలయాలు ఉండవు సార్" అంది. ఆ రోజే నేను క్లబ్బులో చేరిపోయాను.

క్లబ్బంటే పెద్ద ఊహించుకోకండి. గట్టిగా పనిచేసేది ముగ్గురం. మేడం, నేను, మాష్టారు. మాష్టారిది గుంటూరు వైపు. బాచుపల్లిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పాఠాలు, మిగిలిన ప్రాణమంతా టెలిస్కోపు. ఆ టెలిస్కోపు అద్దాన్ని ఆయన కొనలేదు. బాల్కనీలో కూర్చుని, గాజుబిళ్ళ మీద గాజుబిళ్ళ పెట్టి, మధ్యలో ఇసకలాంటి పొడి వేసి, తిప్పి తిప్పి అరగదీసి తయారుచేసుకున్నారు. ఆయన భార్య నర్సు. "నాకు దవాఖానలో డ్యూటీ, ఈయనకు బాల్కనీలో డ్యూటీ. ఇద్దరం ఇంట్లో కలుసుకునేది పండక్కేనండి" అని మాతో చెప్పుకునేది.

నెలకో శనివారం, పొద్దు కుంకగానే మొదలుపెట్టి అన్నాల వేళకు ముగించేవాళ్ళం. నేను ఫౌంటెన్ ఆపి లైట్లు ఆర్పేసేవాణ్ణి. మా క్లబ్బుకు ఉన్న నియమం ఒక్కటే. టెలిస్కోపులో కన్ను పెట్టడానికి వంగినప్పుడు మెడలోని ఐడీ కార్డు ఊగి గొట్టానికి తగులుతుంది. తగిలితే శని ఎగిరి ఎక్కడికో పోతుంది. అందుకని లైన్లో నిలబడేవాళ్ళు ఎవరైనా సరే ముందే ఆ కార్డు తాడు తీసి జేబులో పెట్టుకోవాలి. మా పార్కులో కంపెనీ ఉద్యోగుల మెడలో ఎర్ర తాడు, కాంట్రాక్టు మీద ఊడ్చేవాళ్ళకూ కాపలావాళ్ళకూ బూడిదరంగు తాడు. మా లైన్లో మాత్రం ఏ తాడూ కనబడేది కాదు. ఇది మేమేదో ఆదర్శం కోసం పెట్టింది కాదు. శని ఎగిరిపోకుండా పెట్టింది.

ఆ శని దగ్గరే మొదట జనం జంకేవారు. "ఏల్నాటి శని పోయిన నెలనే పోయింది సార్, మళ్ళ పిలిచి మరీ చూడాల్నా?" అని ఒకాయన నిజంగానే వెనక్కి తిరిగాడు. నేను ఆపాను. "అన్నా, గొట్టం ఒక్క దిక్కే పనిచేస్తది. మనం శనిని చూస్తం, శనికి మనం కనబడం. భయం లేదు." ఆ మాట పనిచేసింది. తర్వాత నా నోరు ఆగలేదు. గోపన్‌పల్లి దగ్గర రాయి మీద రాయి నిలబడి ఉంటుంది చూశారా, ఆ పైరాయి చందమామ మీదినుంచి పడిందేనని చెప్పాను. చంద్రుడి మీద ఉన్న ఒక గుంత కొలతా ఈ రాయి కొలతా వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతాయని కూడా చెప్పాను. ఇద్దరు ఇంజనీర్లు టేపు తీసుకుని వెళ్ళి కొలిచి వచ్చారు. పక్కనే అపార్టుమెంట్లు కడుతున్న బిల్డరు బాల్కనీలోంచి చంద్రశిల కనబడుతుందని బోర్డు పెట్టాడని కూడా నేను చెబుతుంటాను. ఆ బోర్డు సంగతి మాత్రం మీరు నమ్మక్కర్లేదు.

మాష్టారికి ఇదంతా గిట్టేది కాదు. "ఏమండీ, మనం సైన్సు చూపిస్తున్నాం. మీరు పక్కన నిలబడి పురాణం చెబుతున్నారు."

"పురాణం లేకుంటే లైనే లేదు మాష్టారూ. వాళ్ళు నా కోసం వస్తరు, మీ శనిని చూసి పోతరు."

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. టెలిస్కోపులో ఏ గ్రహమూ మన కోసం ఆగదు. భూమి తిరుగుతుంటుంది కదా, అందువల్ల అది ఒక అంచు నుంచి ఇంకో అంచుకు జరుగుతూ జరుగుతూ నిమిషం తిరిగేలోపే తప్పుకుంటుంది. అందుకని పక్కన ఒకరం నిలబడి గొట్టాన్ని వేలికొసతో మెల్లగా తోస్తుండాలి. ఈ పనిలో మేడం వేలు బంగారం. అయినా జనం కళ్ళజోడు సర్దుకునేలోపు శని జారిపోయేది. "నల్లగున్నది, ఏం లేదు" అని సణుక్కుంటూ వెళ్ళేవారు. అది మాష్టారి మనసులో ముల్లులా దిగింది. ఆయన నెలల తరబడి కూర్చుని టెలిస్కోపు కింద పెట్టడానికి ఒక వాలుబల్ల చేశారు, దానికో చిన్న మోటారు బిగించారు. బల్ల భూమికి ఎదురుదిక్కున, భూమి వేగంతోనే మెల్లగా తిరుగుతుంది. ఇక తోసే పని లేదు.

మొదటిసారి మోటారు వేసి చూసినప్పుడు ముగ్గురం నోళ్ళు తెరిచాం. నల్లటి గుండ్రంలో సరిగ్గా మధ్యన, మేకు కొట్టినట్టు శని. చాయ్ తాగి వచ్చి చూస్తే అక్కడే ఉంది. మాష్టారి ముఖం చూడాల్సింది. కాలేజీ ఫస్టు వచ్చిన పిల్లాడి తండ్రి ముఖం.

మేం ముగ్గురం కలిసి చేసిన పొరపాటు అదే. పని మరీ బాగా చేశాం.

ఆ శనివారం నాలుగో అంతస్తు నుంచి ఒక గడ్డం తమ్ముడు వచ్చాడు. టీం లీడరు. కన్ను పెట్టాడు. చాలాసేపు చూశాడు. కన్ను తీసి, గొట్టం పైకి చూసి, కిందికి చూసి, మళ్ళీ కన్ను పెట్టాడు.

"బ్రో, ఇది స్టిక్కర్" అన్నాడు.

"ఏంది?" అన్నాను.

"ఇంత చిన్నగా, ఇంత నీట్‌గా, అస్సలు కదలకుండా... లోపల స్టిక్కర్ అంటించారు అంకుల్. నేనూ ఇంజనీర్‌నే."

అక్కడితో ఆగితే బాగుండేది. కన్ను పెట్టే చోట ఫోను ఆనించి వీడియో తీశాడు. ఆ వీడియో పొద్దున కల్లా అన్ని అపార్టుమెంట్ల గ్రూపుల్లో తిరిగింది. కదలని శని, వెనకాల వాడి నవ్వు. కింద జనం రాసిన మాటలు మేడం నాకు చదివి వినిపించింది. "నిర్వాహకులు ఎవరో తెలుసా? ఆ చంద్రుడి రాయి అంకులే." అంతే. ఇక వేరే సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది.

సోమవారం పెద్దసారు పిలిచారు. మొత్తం పార్కు ఆయన చేతికింద. మా శనివారాలకు ఒక్కసారి కూడా దిగి రాలేదు. ఆయన వేలికి నీలపురాయి ఉంగరం ఉండేది. శని కోసం పెట్టుకున్నదేనని అందరికీ తెలుసు గానీ ఎవరమూ అనేవాళ్ళం కాదు.

"చూడండి, మన క్యాంపస్ పేరు పోతోంది. స్టిక్కర్ అంటున్నారు జనం."

"స్టిక్కర్ కాదు సార్. నిజం శని."

"మీరు నిజం అంటే ఎవరు నమ్ముతారండీ?" అని ఆయన నిజంగానే అడిగారు. వెక్కిరింత కూడా కాదు. "వచ్చే శనివారం అందరి ముందు రుజువు చెయ్యండి. చేస్తే ప్రోగ్రాం ఎప్పట్లాగే జరుపుకోండి. లేకపోతే బంద్."

"మాట మీద ఉంటరా సార్?"

"ఉంటాను."

బయటికి వస్తుంటే ఫౌంటెన్ దగ్గర ఊడుస్తున్న చెల్లె ఎదురైంది. ఆమెదీ గోపన్‌పల్లే. వాళ్ళమ్మకు కంటి పొర తీసే ఆపరేషన్ అయింది. కొత్త కంటితో శనిని చూస్తానని ముసలమ్మ పట్టుబట్టింది. చెల్లె రెండుసార్లు ఆటోలో తీసుకొచ్చింది, రెండుసార్లూ మబ్బు.

"అన్నా, ఈ సారన్న మా అమ్మకు చూపిస్తవా?"

"మబ్బు నా చేతుల ఉన్నదా చెల్లె?"

"అన్నీ నా చేతులనే ఉన్నయని చెప్తవు గద లైన్ల నిలబడి?"

అబద్ధాలు చెప్పేవాడికి ఉండే కష్టం ఇదే. అప్పుడప్పుడు ఎవరో ఒకరు నమ్ముతారు.

ఆ రోజు సాయంత్రం ముగ్గురం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. మేడం ఉస్మానియా బిస్కెట్‌ని చాయ్‌లో ముంచుతూ, "ఇందుల అంత పరేషాన్ ఏమున్నది? పనిచేసేదాన్ని ఆపి చూడాలె. సాఫ్ట్‌వేర్ల తప్పు నేను అట్లనే పట్టుకుంట. మోటారు బంద్ చెయ్యిండ్రి. శని అయితే పోతది, స్టిక్కర్ అయితే ఉంటది" అంది.

నాకు లేచి ఎగరాలనిపించింది. మాష్టారు మాత్రం చాయ్ కప్పు కింద పెట్టేశారు.

"మోటారు ఆపమంటారేంటమ్మాయ్? ఆకాశాన్ని నిలబెట్టాను నేను. ఎవడో గడ్డంవాడు నమ్మలేదని దాన్ని మళ్ళీ పడెయ్యాలా? నేను టెలిస్కోపు విప్పి చూపిస్తాను. లోపల స్టిక్కర్ ఎక్కడుందో వాణ్ణే వెతుక్కోమనండి."

"విప్పితే నమ్ముతరా మాష్టారూ?"

"చదువుకున్నవాళ్ళండీ. కళ్ళతో చూస్తే నమ్మరా?"

నేను చదువుకున్నవాళ్ళ లిఫ్టులు చూసుకున్నవాణ్ణి. 'డోర్ తోయవద్దు' అని రాసిపెడితే ముందు తోసి చూసేది వాళ్ళే.

ఆ శనివారం మధ్యాహ్నం దాకా వాన పడింది. సాయంత్రానికి ఆకాశం కడిగిన పళ్ళెంలా తేలింది. జనం మామూలు కంటే ఎక్కువే వచ్చారు. సగం మంది శనిని చూడ్డానికి, సగం మంది మా పరువు పోతే చూడ్డానికి. పెద్దసారు సూటు వేసుకుని దిగారు, వెంట అపార్టుమెంట్ల సంఘం వాళ్ళు ఇద్దరు. గడ్డం తమ్ముడు ఫోను పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు. లైను చివర, ఆపేసిన ఫౌంటెన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ముసలమ్మ. నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కూతురు పక్కన నిలబడింది, బూడిద తాడు తీసి కొంగుకు ముడేసుకుని.

నేను లైట్లార్పాను. మాష్టారు అన్నంత పనీ చేశారు. కన్ను పెట్టే గాజుముక్కను ఊడదీసి అందరికీ చూపించారు. గొట్టం లోపలికి టార్చి వేశారు. "చూడండి. అడుగున అద్దం. ఎక్కడుందండీ స్టిక్కర్?"

గడ్డం తమ్ముడు తడుముకోలేదు. "సార్, ఇది వేరే ముక్క. స్టిక్కర్ ఉన్నది మీ జేబులో ఉంటది."

మాష్టారు జేబులు తిరగేశారు. రుమాలు, చర్చి పాటల చీటీ, చాక్‌పీసు బయటపడ్డాయి. జనం నవ్వారు. "అద్దం మీదే బొమ్మ గీశారేమో" అన్నారు సంఘంవాళ్ళలో ఒకరు. ఎన్నో నెలలు అరగదీసిన అద్దం అది. మాష్టారు ఆ గాజుముక్కను మళ్ళీ బిగించారు. శనిని వెతికి మధ్యలోకి తెచ్చి మోటారు వేసి, పక్కకు తప్పుకున్నారు.

నేను ముందుకు వెళ్ళాను. "అందరూ వినుండ్రి. ఇది నిజంగ శని."

ఎక్కడినుంచో ఒక గొంతు. "చంద్రుడి రాయి కూడా నిజమేనా అంకుల్?"

పెద్ద నవ్వు. పెద్దసారు కూడా నవ్వారు. నాకప్పుడు అర్థమైంది, నా నోటితో ఇక పని జరగదని. వంగాను. మోటారు తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

"ఏమండీ!" అని మాష్టారు అరిచారు.

"మాష్టారూ, జర ఆగుండ్రి. తమ్మీ, ఇగ రా. కన్ను పెట్టు." రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను. మేడం చేతులు వెనక్కి కట్టుకుంది. "ఎవ్వరం ముట్టం. నువ్వు కూడ ముట్టకు. ఊకె చూడు. చూస్తున్నది చూస్తున్నట్టు గట్టిగ చెప్పు."

గడ్డం తమ్ముడు తాడు తీసి జేబులో పెట్టుకుని వంగాడు.

"ఉంది. అదే స్టిక్కర్. మధ్యలో ఉంది."

"మంచిది. చూడు."

"అట్లనే ఉంది... అట్లనే..." ఆగాడు. "ఒక్క నిమిషం."

వాడి చేతిలో ఫోను కిందికి దిగింది.

"కదుల్తుంది. అంకుల్, ఇది కదుల్తుంది! అంచుకి పోతుంది. వలయం కూడ పోతుంది. అరె, పోతుంది, పోతుంది, పట్టుకోండి!"

"స్టిక్కర్ గద తమ్మీ, ఎటు పోతది?"

"పోయింది!" అని వాడు తలెత్తాడు. ఏదో చేతిలోంచి జారి మోరీలో పడ్డట్టుంది ముఖం.

"ఇప్పుడు చెప్పు బిడ్డా," అన్నాను, అందరికీ వినబడేటట్టు, "స్టిక్కర్ నడుస్తదా?"

ఇంకేముంది. శనిని చూడ్డానికి కాదు, శని పారిపోవడం చూడ్డానికి లైను కట్టారు. ప్రతివాడూ "పోతుంది, పోతుంది" అని అరవడమే. నవ్వడానికి వచ్చినవాళ్ళే ముందు నిలబడ్డారు. మేడం చెబుతూనే ఉంది, "శని ఉరుకుతలేదు, తిరిగేది మనమే. ఈ టవర్లు, ఈ ఫౌంటెన్, మీరు, మేము, అందరం ఒక్కతీరుగ తిరుగుతున్నం." ఎవరూ సరిగా వినలేదు. మాష్టారు తెగిన తీగ చేత్తో పట్టుకుని, "నా మోటారుని అందరూ కలిసి చంపేశారండీ" అంటున్నారు గానీ, మీసాల కింద నవ్వు దాగలేదు.

కథ ఇక్కడ ఆగిపోతే నేను ఈ రోజుకీ ఆ పార్కులోనే ఉండేవాణ్ణి.

పెద్దసారు చప్పట్లు కొట్టారు. "గుడ్. ప్రోగ్రాం కంటిన్యూ చేద్దాం. అయితే ఒక డిసిప్లిన్ ఉండాలి. బయటివాళ్ళు వచ్చి గొడవ అవుతోంది. ఇవాళ్టి నుంచి మెడలో ఎర్ర తాడు కనబడాలి. ఉన్నవాళ్ళు లైన్లో ఉండండి, లేనివాళ్ళను సెక్యూరిటీ పంపించేస్తుంది."

"ఎప్పట్లాగే జరుపుకోమన్నరు సార్. మాట ఇచ్చిండ్రు."

"జరుపుకోండి. ఎవరు వద్దన్నారు?"

సెక్యూరిటీవాడు లైను మధ్యలో తాడు కట్టాడు. పాపం, వాడి మెడలోనూ బూడిద తాడే. ముసలమ్మ కుర్చీ తాడుకు అవతల పడింది. ఆమె ముందు ఇంకెంతోమంది లేరు.

ఊడ్చే చెల్లె నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, "పోనీ తియ్యన్నా. మళ్ళెప్పుడన్న వస్తం. లొల్లి ఎందుకు?" అంది.

"మళ్ళెప్పుడు చెల్లె? ఎర్ర తాడు వచ్చినంకనా?"

నేను మాష్టారి వైపు తిరిగాను. "మాష్టారూ, ఎత్తుండ్రి."

"ఎటండీ?"

"గేటు బయటికి."

మాష్టారు తన మోటారు బల్ల వైపు చూశారు. నెలల పని. దాన్ని విప్పి మోసుకెళ్ళే టైం లేదు. ముసలమ్మ వైపు చూశారు. చొక్కా చేతులు పైకి మడిచి, "ఆ బల్ల ఇక్కడే ఉండనివ్వండి. దొరలకు గుర్తుంటుంది" అన్నారు. గుంటూరు కారం ఎన్నేళ్ళ తర్వాతైనా ఘాటు పోదు.

గొట్టం ఒకవైపు ఆయన, ఒకవైపు నేను. గొట్టాన్ని నిలబెట్టే కింది పెట్టెను మేడం పట్టుకుంది. చెల్లె కుర్చీ ఎత్తింది, తల్లి చెయ్యి పట్టుకుంది.

వెనకనుంచి పెద్దసారు. "మీ ఉద్యోగం గురించి ఆలోచించుకుంటున్నారా?"

ఆగి తిరిగాను. "ఆలోచించిన సార్. లిఫ్టులు నడుస్తున్నయ్, ఏసీలు నడుస్తున్నయ్. నా డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. గేటు అవతల ఫుట్‌పాత్ మీ చేతికింద లేదు."

గేటు పక్కనే సర్వీసు రోడ్డు, చెట్లు అడ్డం రాని ఫుట్‌పాత్. అక్కడ దింపాం. ఊపిరి పీల్చుకుని వెనక్కి చూస్తే, అబద్ధం కాదు, లైను మొత్తం మా వెనకే వచ్చింది. గడ్డం తమ్ముడే ముందు. వాడి ఎర్ర తాడు అప్పటికే జేబులో ఉంది. ఆటోవాళ్ళు, క్యాబ్‌వాళ్ళు, బస్సు కోసం నిలబడ్డ నర్సులు కూడా వచ్చి వెనక చేరారు.

ముసలమ్మను ముందు కూర్చోబెట్టాం. మేడం శనిని మధ్యలోకి తెచ్చింది. ముసలమ్మ కొత్త కన్ను ఆనించింది. మేమందరం ఆమె నోటి వైపే చూస్తున్నాం.

"గింతేనా?" అంది.

మాష్టారు నెత్తి పట్టుకున్నారు.

కానీ కన్ను తియ్యలేదు. చూస్తూనే ఉంది. "కుదురు మీద కుండ పెట్టినట్టున్నది. కాకుంటే కుదురు నడుముల దాక ఎక్కింది... ఓ, పోతున్నది కొడుకా. యాడికి పోతున్నది?" అది దాటిపోయాక కూడా లేవలేదు. "ఇంకొక్కపారి తెండ్రి."

తెచ్చాం. ఎన్నిసార్లు తెచ్చామో లెక్క పెట్టలేదు. లైన్లో ఒక్కరూ కసురుకోలేదు.

మరుసటి వారం నన్ను మూడో టవర్ బేస్‌మెంట్ పార్కింగ్‌కు మార్చారు. వెతికి వెతికి ఆకాశం కనబడని చోటే చూసి వేశారు. లైట్ల స్విచ్చులు వేరేవాళ్ళకు ఇచ్చారు. నేను కార్లు నిలిపే గీతల మధ్య కూర్చుని, భూమి అడుగునుంచి చూస్తే అవతలివైపు చుక్కలు కనబడతాయని డ్రైవర్లకు చెప్పేవాణ్ణి. ఇద్దరు కింద టైల్సుకు కన్ను ఆనించి చూశారు కూడా. శనివారం సాయంత్రం కాగానే ఫుట్‌పాత్ మీదికి ఎక్కేవాణ్ణి. తర్వాత ఉద్యోగం పోయింది. నన్ను తీసేశామని వాళ్ళంటారు. నేనే మానేశానని నేనంటాను. ఇందులో ఏది నిజమో మీ ఇష్టం. యాభై నిండకుండానే రిటైరైనవాణ్ణి, కాస్త గౌరవంగా నిర్ణయించండి.

తమ్ముళ్ళూ, ఇది చదివి మీరూ పైవాళ్ళతో తగవు పెట్టుకోమని చెప్పను. నేను చెప్పినంత మాత్రాన మీరు వినరు కూడా. ఒక్కటి మాత్రం అంటాను. మీ చేతిలో ఏదో ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. అది ఉన్నన్నాళ్ళూ వాడుకోండి. తర్వాత అది ఎలాగూ ఎవరో లాక్కుంటారు.

మోటారు బల్లను మాష్టారు తర్వాత వెనక్కి తెచ్చుకున్నారు గానీ జనానికి చూపించేటప్పుడు వాడరు. ఫుట్‌పాత్ మీద మా పద్ధతి మారింది. ప్రతివాళ్ళకూ మేడం శనిని మధ్యలో పెట్టి ఇస్తుంది, తర్వాత ఎవ్వరం ముట్టం. అది దాటిపోయేదాకా వాళ్ళ వంతు. పోయాక తర్వాతివాళ్ళది.

మొన్నీమధ్య ఒక శనివారం పెద్దసారు వచ్చారు. సూటు లేదు. మెడలో ఎర్ర తాడు మాత్రం ఉంది. నీలపురాయి ఉంగరమూ వేలికే ఉంది. నేరుగా టెలిస్కోపు దగ్గరికి వచ్చి, "ఒక్కసారి చూసి వెళ్తానండీ, టైం లేదు" అన్నారు.

"లైన్ల రండి సార్."

నన్నొకసారి చూసి, వెళ్ళి నిలబడ్డారు. మెల్లగా వంతు వచ్చింది. వంగారు. కళ్ళజోడు అడ్డమొచ్చిందని తీశారు. తుడుచుకున్నారు. "కుడి కన్నా, ఎడమ కన్నా?" అని అడిగారు. తాడు ఊగి గొట్టానికి కొట్టుకుంది. తాడు పట్టుకుని మళ్ళీ వంగారు.

"ఏం కనబడట్లేదే? నల్లగా ఉంది."

మేడం వేలు అలవాటుగా గొట్టం మీదికి పోయింది. నేను చిన్నగా దగ్గాను. వేలు ఆగింది.

"ఇప్పటిదాక ఉండె సార్. పోయింది. ఎనకకు పోయి మళ్ళ లైన్ల రండి."

ఆయన లైను చివరికి చూశారు. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో ముసలమ్మ. ఆమెకు శని ఇంకా తీరలేదు, కూతురితో వస్తూనే ఉంటుంది. పెద్దసారు వెళ్ళి ఆ కుర్చీ వెనక నిలుచున్నారు.

ముసలమ్మ తిరిగి ఆయన మెడ వైపు చూసింది.

"తాడు తీసి జేబుల పెట్టుకో కొడుకా. గొట్టానికి తాకితే అది పోతది."

ఆయన తీసి జేబులో పెట్టుకున్నారు.